రికార్డుకెక్కని పాటలు

ఆదోని అంటే పత్తి, ఎమ్మిగనూరు అంటే మగ్గం. ఈ మాట బడిపిల్లలైనా చెబుతారు. ఆదోనికి ‘రెండవ బొంబాయి’ అని బిరుదు కూడా ఉంది. మార్కెట్ యార్డులో పత్తి గుట్టలు పోసి ఉన్న రోజున చూస్తే, ఆ బిరుదిచ్చిన మహానుభావుడు మరీ కోతలు కోయలేదనే అనిపిస్తుంది. కోట, రణమండల కొండ, పదిహేడవ శతాబ్దంలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామా మసీదు చూసి రావడానికి ఒక పూట చాలు. నేను మాత్రం వెళ్ళింది వాటి కోసం కాదు, పాటల కోసం.

పాటలంటే సినిమా పాటలు కావు. మొగుడికీ పెళ్ళానికీ, అత్తకూ కోడలికీ, ఊళ్ళో మిగిలిన వారికీ ఊరు విడిచిన వారికీ మధ్య నడిచే పాటలు. కట్టుకున్న వారే వాటిని పాడుకుంటారు. అచ్చువేసే వారు లేరు, అమ్మే వారు అసలే లేరు. యెంకి అదృష్టవంతురాలు! నండూరి సుబ్బారావు గారు కలం పట్టారు. 1925లో పుస్తకం వచ్చింది. ఆ తరువాత గ్రామఫోను రికార్డులూ రేడియో ఆమెను ఇంటింటికీ చేర్చాయి. ఆదోని వైపు యెంకులకు ఆ యోగం పట్టలేదు.

దానికి కారణం భాషే అని నాకు తోస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూలులో కలిశాయి. తాలూకాలు కలిశాయి గాని, వియ్యాలవారు సగం మంది అవతలే ఉండిపోయారు. అంచేత ఇక్కడి పాటలో మొదటి మాట తెలుగైతే రెండో మాట కన్నడం. తెలుగువారు విని, ఇది కన్నడం కాబోలు అనుకుంటారు. కన్నడిగులు విని, తెలుగు కాబోలు అనుకుంటారు. ఇద్దరికీ కాని బిడ్డ అయి కూర్చుంది.

పేరు నిలుపుకున్న పాటగాడు ఈ సీమలో లేడనుకోకండి. ఆదోని నుంచి గుంతకల్లు వెళ్ళే వైపున చిప్పగిరి ఉంది. హరిదాసులలో ప్రసిద్ధుడైన విజయదాసు 1755లో కన్నుమూసింది అక్కడే. ఆయన పాట కట్టారంటే చివర ‘విజయ విఠల’ అన్న ముద్ర ఉండవలసిందే. రెండున్నర శతాబ్దాలు దాటినా పాట ఎవరిదో ఎవరినీ అడగనక్కరలేదు. ఇంట్లో రాట్నం ముందు కూర్చుని పాట కట్టిన ఆడదానికి ముద్ర ఎక్కడిది?

ఆదోనిలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. (బొరుగులతో ఇంత రుచి తీయవచ్చునని మా ఇంట్లో చెబితే నమ్మరు.) స్టేషను దగ్గర జనం గుంపులుగా ఉన్నారు. గిన్నెలు, దుప్పటి మూటలు, జొన్నరొట్టెల సంచులు, చంకన పిల్లలు. ‘సుగ్గికి’ పోతున్నారట. సుగ్గి అంటే కన్నడంలో పంటకాలం. ఇక్కడ మాత్రం ఆ మాటకు వలస అని అర్థం: ఇక్కడి చేలల్లో పని అయిపోయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇంటికి తాళం వేసి బయలుదేరడం. చంకలో పట్టని పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉండిపోతారు.

ఎమ్మిగనూరు చేరేసరికి నీలకంఠేశ్వరుని రథోత్సవం అయి వారం దాటింది. జాతర అంగళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి. 1938లో మాచాని సోమప్ప గారు చేనేతవారిని కూడగట్టి సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు వీధి వీధినా వినిపించిన మగ్గం చప్పుడు కోసం ఇప్పుడు సందులు వెతుక్కోవాలి. నేను వెతుక్కుంటూ వెళ్ళిన ఇంట్లో గుంటమగ్గం ఉంది గాని, దాని మీద బట్టలు ఆరవేసి ఉన్నాయి. ఒక అవ్వ రాట్నం ముందు కూర్చుని పొరుగింటి మగ్గానికి కండెలు చుడుతోంది. పక్కనే ఆరేడేళ్ళ మనుమరాలు.

పాటల సంగతి ఎత్తగానే అవ్వ నవ్వింది.

“అత్త ముందర మొగునితో మాట్లాడేకి లేదు నాయనా. ఏమన్నా అడగల్లంటే పాటలో అడిగేది.”

“ఆయన కూడా పాటలోనే చెప్పేవాడా, అవ్వా?”

“ఆయప్పకు పాట యాడొస్తాది! పన్నె దెబ్బే జవాబు. కోపముంటే గట్టిగా, లేకుంటే మెల్లగా.”

అత్తగారికి పాట వినిపించేది, మగ్గం వినిపించేది; నడుమ నడిచే సంభాషణ మాత్రం ఆమెకు అందేది కాదట! ఒక ఏడు జాతరకు చీర తెస్తానని మాట ఇచ్చి, ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. ఊరందరికీ దుప్పట్లు నేసే చేతికి ఇంట్లో చిరిగిన కొంగు కనబడదా అని ఈమె పాట కట్టింది. ఆ పాట నాకు మొదట మాటల్లో చెప్పబోయి, రాట్నం తిప్పితే గాని రాదని, తిప్పుతూ పాడింది. గొంతు సన్నం, చివర కాస్త జీర. రాగం మాత్రం తప్పలేదు. నాలుగో నాటికి మగ్గం ఆగిందట. తరువాత రాత్రుళ్ళు ఆయన దుప్పటి నూలుతోనే చీర నేసి ఇచ్చాడు. పెట్టె తెరిచి చూపించింది. చేత్తో ఎత్తి చూశాను. దుప్పటంత బరువూ ఉంది.

“రెండు మార్లు కట్టినా. మొయ్యలేక దాచినా,” అంది.

ఆయన పోయాక ఆ పాటలు మానేసిందట. ఎవరిని అడగాలి?

కొడుకు మగ్గం దిగి చాలా ఏళ్ళయింది. కోడలితో కలిసి ఈ ఏడు కూడా సుగ్గికి పోయాడు. దీపాలు పెట్టే వేళకు గుంటూరు వైపు నుంచి ఫోన్ మోగింది. పిల్ల పరుగెత్తుకు వెళ్ళి అందుకుంది. తిన్నావా, బడికి పోయినావా, అవ్వను సతాయిస్తున్నావా — తల్లి ప్రశ్నలు నాకూ వినిపిస్తున్నాయి. పిల్ల దేనికీ నోరు విప్పలేదు. అవ్వ దగ్గరకు జరిగి, ఫోన్ పట్టుకునే ఒక కొత్త పాట అందుకుంది. పిల్ల చేత పలికించవలసిన మాటలన్నీ అందులో ఉన్నాయి: కొత్త పలక, రాలిన పన్ను, అమ్మ మీద అలక. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత కోడలు అదే వరసలో, తడబడుతూ, రెండు మాటలు కలిపింది. అప్పుడు పిల్ల నోరు తెరిచింది.

నా ఫోన్‌లో ఆ పాట పట్టుకోవచ్చునా అని అవ్వను అడిగాను.

“అది దాని కోసం కట్టింది నాయనా. ఊరికి ఎందుకు?” అంది.

సెలవు తీసుకుని లేస్తుంటే పిల్ల నా వెనకే గడప దాకా వచ్చింది. ఉగాదికి అమ్మ వస్తుందట, ఇంకా ఎన్ని రోజులుందో చెప్పమంది. వేళ్ళ మీద లెక్కవేసి అరవై ఎనిమిది అన్నాను. అన్ని లెక్కపెట్టడం తనకు వచ్చునని, వెంటనే ఒకటి నుంచి మొదలుపెట్టింది.