కోటలు మావేనట!

బేగంపేటలో మా మసీదును చూసిన కొత్తవాళ్లందరూ ఒకటే మాట అడుగుతారు: 'ఈ చర్చి ఎప్పటిది?' వాళ్ల తప్పేం లేదు. అందరూ ఎదురుచూసే గుమ్మటం బదులు పైన కోసుగా లేచిన శిఖరాలుంటాయి. పైగా నవాబు ఇక్బాలుద్దౌలా వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లోని కొర్దోవా మసీదు మీద మనసుపడి ఆ పోలికతో కట్టించాడు. 1902లో ఆయన పోయాడు. 1906లో మసీదు పూర్తయింది. స్పానిష్ మసీదు అని పేరు పడిపోయింది. ఆ కొర్దోవా మసీదునేమో 1236లోనే చర్చిగా మార్చారు. అక్కడ మసీదు చర్చి అయింది. ఇక్కడ మసీదు చర్చిలా కనిపిస్తుంది. మేమూ అంతే. తెలుగులో మాట్లాడితే చాలు, 'మీరు ముస్లింలా? అట్ల కనిపించరే!' అంటారు. ఎట్ల కనిపించాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ మసీదు వెనక గల్లీలో అబ్బా అద్దె సైకిళ్ల దుకాణం ఉండేది. గంటకింత అని లెక్క. గోడకు పలక, పలక మీద సైకిల్ నంబరు, తీసుకున్న టైము. మా అన్నదమ్ములిద్దరం బడి నుంచి రాగానే తొట్టిలో నీళ్లు నింపేవాళ్లం. ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడటం, ఆ చోట ఆకురాయితో గీకడం, సొల్యూషన్ రాసి ఆరేదాకా ఊదడం, రబ్బరు ముక్క అంటించి సుత్తితో కొట్టడం. ఆ చేతులతోనే అన్నం తిన్నాం. ఆ పైసలతోనే చదువుకున్నాం. సైకిళ్లు పోయి స్కూటర్లొచ్చాయి, దుకాణం మూతపడింది. అబ్బా కూడా పోయాడు.

ఇప్పుడు మా ఇంటి పిల్లవాడు, పెద్దవాడి కొడుకు, ఏడో తరగతి. ఒకరోజు బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. తోటి పిల్లవాడు 'పంచర్‌వాలా' అన్నాడట. వీడికి పంచర్ వేయడం రాదు. వీడి దాదా పంచర్లు వేశాడని ఆ పిల్లవాడికి తెలియదు. మరి ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది? పేరు చూసి వచ్చింది. ఫోన్లలో, టీవీల్లో పెద్దలు విసిరిన మాట పిల్లల నోట్లో పడింది.

మేం ఏం చెప్పాలో తోచక, ఆదివారం మూడు సైకిళ్లు బయటికి తీశాం. 'పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మన ఊరంతా తిరిగొద్దాం' అన్నాం.

ఫజర్ నమాజు కాగానే బయలుదేరాం. పైగా ప్యాలెస్ గోడ పక్కనుంచి పోయాం. 2008 నుంచి 2023 దాకా అందులో అమెరికా కాన్సులేట్ ఉండేది. వీసా కోసం క్యూలో నిలబడ్డ ఎందరికో అది వికారుల్ ఉమ్రా మహలని తెలియదు. ఫలక్‌నుమా కట్టించి, చివరికి ఆరో నిజాంకు అప్పగించింది కూడా ఆయనే. పంజగుట్ట, మాసాబ్‌ట్యాంక్, మెహదీపట్నం, లంగర్‌హౌజ్ దాటేసరికి ఎండెక్కింది. గోల్కొండ గేటు ముందు చాయ్ తాగాం.

కోటలో ఫతే దర్వాజా దగ్గర పిల్లవాడు చప్పట్లు కొట్టి మురిసిపోయాడు. పైకెక్కుతుంటే ఒక పెద్దమనిషి మాట కలిపాడు. మంచివాడే, నీళ్లు కూడా ఇచ్చాడు. పేర్లడిగాడు. చెప్పాం. 'ఇంకేం, ఇదంతా మీవాళ్లదే కదా! నవాబులు!' అని నవ్వాడు.

చూశారా! బడిలో పంచర్‌వాలాలం, కోటలో నవాబులం. మధ్యలో ఉన్న మనుషులం మాత్రం ఎవరికీ కనబడం. మా దాదా నల్లగొండ జిల్లా పల్లెలో దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఆయనకు కోట లేదు, గడీ లేదు, కుంట భూమి లేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక పల్లె వదిలి రాత్రికి రాత్రి నడిచొచ్చాడు. ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. నవాబుల లెక్క మా పద్దులో రాసేవాళ్లు ఈ లెక్క ఎవరి పద్దులో రాస్తారు?

కోట చరిత్ర కూడా అంత తేలిగ్గా రెండు ముక్కలు కాదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరవాత ఈ కోటను గెలిచిన ఔరంగజేబు ముసల్మానే, ఓడిన తానీషా ముసల్మానే. తానీషా పాలన నడిపింది అక్కన్న మాదన్నలు. రామదాసు ఉన్న చెరసాల ఇక్కడే, ఆషాఢంలో మొదటి బోనం ఎక్కేదీ ఇక్కడే. అంతకుముందు ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. పొన్నిగంటి తెలగన్న అచ్చతెనుగు కావ్యం యయాతి చరిత్ర అంకితం పుచ్చుకున్నది అమీన్‌ఖాన్. మరి మా తెలుగు చూసి ఆశ్చర్యమెందుకు?

సమాధుల తోట మీదుగా కార్వాన్ చేరాం. తోలీ మసీదు, 1671 నాటిది. మక్కా మసీదు కట్టేటప్పుడు ఖర్చైన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ మిగిల్చి మూసాఖాన్ కట్టించాడని కథ, అందుకే దమ్డీ మసీదు. ఆ దమ్డీల మసీదు ముందే పిల్లవాడి వెనక చక్రం దిగిపోయింది.

సంచిలో అబ్బా సామాను ఉంది. సైకిల్ తలకిందులు చేసి రోడ్డు పక్కన కూర్చున్నాం. పక్క హోటల్లో డబ్బాడు నీళ్లడిగాం. పిల్లవాడి ముఖం మాడిపోయింది. 'చిచ్చా, ఇక్కడొద్దు. అందరూ చూస్తున్నరు. నడిపించుకపోదాం.'

మాకు కోపం రాలేదు. భయమేసింది. ఒక్క మాట దాదాకూ మనవడికీ మధ్య గోడ కట్టేసింది.

'చూడనీయ్' అన్నాం. 'దొంగతనమా ఇది?'

వాడు పంపు పట్టుకున్నాడు. రోడ్డుకు వీపు తిప్పి పట్టుకున్నాడు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

1578 నాటి పురానాపూల్ దాటాం. అది కట్టించిందీ ఇబ్రహీమే. చార్మినార్ దగ్గర ఎప్పటి జనమే. మక్కా మసీదులో జొహర్ చదివాం. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ ఇక్కడే బాంబు పేలింది. ఆ తరవాత పట్టుకుపోయిన మన కుర్రాళ్లను కోర్టు నిర్దోషులంది. పోయిన రోజులు ఎవరిచ్చారు? పిల్లవాడికి అదింకా చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో మాకు తెలియదు.

కోఠీ రెసిడెన్సీ ముందు ఆగి కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల పెళ్లి కథ చెప్పాం. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ చర్చి మెట్ల మీద నీడకు కూర్చున్నాం. కాపలా ముసలాయన 'కూసో బిడ్డా, ఎండల పడొచ్చిండ్రు' అన్నాడే తప్ప పేరడగలేదు. ఆ రోజు మా పేరడగని చోటు అదే.

లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజగుట్ట. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు తిరిగి మగ్రిబ్ వేళకు మసీదు ముందు దిగాం. ఎవరో కుర్రజంట ఫోటో తీసుకుంటూ పిల్లవాణ్ని అడిగారు: 'బాబూ, ఇది చర్చా?'

'కాదన్నా, మసీదు' అన్నాడు వాడు. తరవాత మావైపు తిరిగి, 'దాదా దుకాణం ఏ గల్లీల ఉండె?' అని అడిగాడు.

చూపించాం. ఇప్పుడక్కడ ఫోన్ల దుకాణముంది. వాడు చాలాసేపు చూశాడు. నల్లబడ్డ చేతులు ఇంకా కడుక్కోలేదు.

'పంచర్‌కు ఎంత తీసుకునేటోడు?' అన్నాడు.

కోటలు మావి కావు. ఆ గల్లీ మాది. అదైనా మాదేనని చెప్పుకోనివ్వండి.