అరవై అయిదు నిండాయా? ఆ ఆరు నెలలూ జాగ్రత్త!

చీర కొనాలంటే నలభై చీరలు తీయిస్తాం. నగ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. అదే ఇన్సూరెన్స్ కాగితాలనేసరికి మాత్రం "అవన్నీ ఆయన చూసుకుంటార్లే" అని వంటింట్లోకి వెళ్లిపోతాం. అలా వదిలేసే విషయం కాదండీ ఇది. మీ అమ్మానాన్నలో, అక్కాబావలో అమెరికాలో స్థిరపడి ఉంటే ఈ నాలుగు మాటలూ వాళ్లకి పనికొస్తాయి.

మా అక్కా బావగారూ న్యూజెర్సీలో ఉంటారు. మేమూ ఆ దగ్గర్లోనే. 2025లో బావగారు 65 నిండి రిటైరయ్యారు. అంతకు రెండేళ్ల ముందే ఆయన గుండెకి స్టెంటు వేశారు.

అక్కడ 65 దాటినవాళ్లకి మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. 1965లో చట్టమైంది. పదేళ్లు ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లకి ఆసుపత్రి భాగానికి ప్రీమియం ఉండదు. డాక్టర్ల భాగానికి మాత్రం నెలనెలా కట్టాలి. 2025లో అది మామూలుగా 185 డాలర్లు. అమ్మయ్య అనుకుంటున్నారా? ఆగండి. డాక్టరు బిల్లులో నూటికి ఎనభై వాళ్లిస్తే, మిగతా ఇరవై మనమే పెట్టుకోవాలి. ఆ ఇరవైకి ఇంతకు మించదనే హద్దు లేదు!

ఆ లోటు పూడ్చుకోడానికి దారులు రెండు. మొదటిది సప్లిమెంట్ పాలసీ. భార్యకి, భర్తకి విడివిడిగా తీసుకోవాలి, మందులకి వేరే ప్లాను కావాలి. ప్రీమియం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. కానీ మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా, ఏ ఊళ్లోనైనా వెళ్లొచ్చు.

రెండోది అడ్వాంటేజ్ ప్లాను. చాలావాటికి అదనపు ప్రీమియం ఉండదు. మందులు, పళ్లు, కళ్లద్దాలు కూడా కలిపి ఇస్తారు. ఏడాదిలో మన చేతి ఖర్చుకి హద్దుంటుంది. 2025లో నెట్‌వర్కులో అయితే ఆ హద్దు 9,350 డాలర్లకి మించకూడదు. అయితే చాలావాటిలో వాళ్ల జాబితాలోని డాక్టర్లనే చూడాలి, కొన్ని పరీక్షలకి ముందుగా అనుమతి తీసుకోవాలి.

బావగారు రెండోదే అన్నారు. "ఊరికే వస్తుంటే డబ్బెందుకు పొయ్యడం?" అని. మేం జాబితా వెతికితే ఆయన గుండె డాక్టరు పేరే లేదు! అక్క ఒకటే మాటంది, "నేను చీరలు మానేస్తా గానీ, ఆ డాక్టర్ని మాత్రం మార్చను."

అసలు సంగతి ఇంకోటుంది. 65 నిండి డాక్టర్ల భాగంలో చేరిన నెల నుంచి ఆరు నెలల్లో, ఏ జబ్బున్నా సప్లిమెంట్ పాలసీ ఇవ్వాల్సిందే. ఆ గడువు దాటాక చాలా రాష్ట్రాల్లో కంపెనీ ఆరోగ్యం గురించి అడగొచ్చు, కాదనొచ్చు కూడా. మొదటే అడ్వాంటేజ్‌లో చేరినవాళ్లకి వెనక్కి రావడానికి ఏడాది గడువుంటుంది. ఆ తర్వాత స్టెంటున్న మనిషికి ఎవరిస్తారు చెప్పండి? చివరికి బావగారు ప్లాన్-జి తీసుకున్నారు. డాక్టర్ల భాగంలో ఏడాదికోసారి కట్టే మొదటి మొత్తం, 2025లో 257 డాలర్లు, అదొక్కటే ఆయన చేతినుంచి. మిగతా ఇరవై పాళ్లూ పాలసీ చూసుకుంటుంది.

ఇండియా వస్తే? మెడికేర్ సాధారణంగా అక్కడితోనే ఆగిపోతుంది. ప్లాన్-జి అయితే ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చిన అత్యవసరానికి, 250 డాలర్లు మనం పెట్టుకున్నాక, నూటికి ఎనభై ఇస్తుంది. జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకానే. అమ్మ దగ్గర నాలుగు నెలలుండే అక్కావాళ్లు ప్రయాణపు బీమా వేరేగా తీసుకోక తప్పదు.

అలాగని అందరికీ ఇదే మంచిదని నేననను. మా పక్కింటి పెద్దావిడ ఊరు కదలదు, ఆవిడ డాక్టర్లందరూ జాబితాలోనే ఉన్నారు. అడ్వాంటేజ్‌తో హాయిగా ఉంది. కాబట్టి మూడు అడగండి: మా డాక్టరు ఉన్నారా? మేం ఎంత తిరుగుతాం? పదేళ్ల తర్వాత కూడా ఈ ప్రీమియం కట్టగలమా? ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంటుంది, వాళ్లేమీ అమ్మరు. కాగితాలు పట్టుకుని ఇద్దరూ వెళ్లండి. ఆయనొక్కర్నే పంపకండి సుమా!