తాడిపత్రి బుగ్గ

తెలుగులో 'బుగ్గ' అనే మాటకు చెక్కిలి అనే అర్థంతోపాటు నీటి ఊట అనే అర్థం కూడా ఉంది. రాయలసీమలో ఈ రెండవ అర్థానికే గౌరవం ఎక్కువ. కడప నగరంలో ప్రవహించే వాగు బుగ్గవంక. ఓర్వకల్లు సమీపంలోని శివక్షేత్రం కాల్వబుగ్గ. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పెన్న ఒడ్డున వెలసిన స్వామి బుగ్గ రామలింగేశ్వరుడు.

అనంతపురం పీఠభూమిలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నైరుతి ఋతుపవనాలు తమ సంపదనంతా పడమటి కనుమలకు ధారపోసి ఇక్కడికి రిక్తహస్తాలతో వస్తాయి. అటువంటి సీమలో నీరు తనంతట తాను పైకి ఉబికివస్తే ఆ చోటు దైవసన్నిధి కావడంలో వింత లేదు. విజయనగర కాలంలో, 1490–1509 సంవత్సరాల నడుమ, రామలింగనాయుడు ఇక్కడ ఆలయం కట్టించాడు. శిల్పసంపదతో అలరారే ఈ ఆలయపు గోపురాలు అసంపూర్ణంగా నిలిచిపోయాయి. లింగం అడుగున నీరు ఎడతెగక ఊరుతుందని ప్రసిద్ధి.

ఊట మహిమను ఎరగాలంటే నేల లోపలికి చూడాలి. తాడిపత్రి పరిసరాలలో సున్నపురాయి, పలకరాయి పొరలు ఒకదానిపై ఒకటి పరచుకొని ఉన్నాయి. ఇంటింటా నేలకు పరిచే తాడిపత్రి బండలు ఈ సంపదలోనివే! సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం ఈ పొరల నడుమకు శిలాద్రవం చొచ్చుకువచ్చి, గట్టి నల్లరాయిగా గడ్డకట్టింది. సున్నపురాయి పగుళ్ళను వాననీరు మెల్లమెల్లగా కరిగించి దారులు చేసుకొంటుంది. తాడిపత్రికి చేరువలోని బెలుం గుహలు ఆ పనికి సాక్ష్యాలు. అలా దిగిన నీటికి గట్టిరాయి అడ్డు తగిలితే అది పక్కకు మళ్ళుతుంది. వెనుకనుండి ఒత్తిడి ఉండి, పైకి పగులు దొరికితే బుగ్గగా పొంగుతుంది. ఇటువంటి శిలలున్న చోట ఊటలు పుట్టే తీరు ఇది. ఎక్కడో కురిసిన వాన మరెక్కడో వెలుగు చూస్తుంది.

అందుకే ఒక బుగ్గను కాపాడడానికి దాని చుట్టూ ప్రహరీ కడితే చాలదు. పూర్వం రైతులు నది ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి, పైకి వచ్చినంత నీటినే పొలాలకు మళ్ళించుకొనేవారు. పూడిక తీయడానికి ఊరంతా కదిలేది. బోరుబావులు ఆ పద్ధతిని తలక్రిందులు చేశాయి. ఒకరి బోరు లోతైతే పక్కవాని బావి ఎండుతుంది. అతడు అప్పు చేసి మరింత లోతుకు దిగుతాడు. వెయ్యి అడుగులు దిగినా నీరు పడక, చెట్టు ఎండి, అప్పు మిగిలిన కుటుంబాలు ఈ సీమలో ఎన్నో! 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బావులకు అనుమతిని తప్పనిసరి చేసింది. కాని ఎండుతున్న తోట ముందు నిలిచిన రైతుకు చట్టం కన్న బోరుబండి దగ్గరగా కనిపిస్తుంది. ఆ రాత్రి బండి ఆగేవరకు ఇంటిల్లిపాదీ చేనిగట్టుననే కూర్చుంటారు, ఎగిరే రాతిపొడిలో తడి కనిపిస్తుందేమోనని చూస్తూ.