నడుముకు రివాల్వర్ కావాలనే తమ్ముళ్లకు

ఈసారి మిరప గురించి, నల్ల తామర పురుగు గురించి రాస్తలేను. వేరే సంగతి. ఈ యాసంగిలో మన మేళ్లచెరువు చుట్టుపక్కల ముగ్గురు పిల్లగాళ్లు వేరువేరుగా నన్ను ఒకటే మాట అడిగిన్రు. "అన్నా, జేబులో పట్టేటంత చిన్నగ ఉండాలె, దెబ్బ మాత్రం పెద్దగ ఉండాలె. అసుంటి రివాల్వర్ ఏది తీసుకుంటే మంచిది?" నన్నే ఎందుకు అడిగిన్రంటే, మా బాబాయికి పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉండేది, దాని కాగితాల పని చాన ఏండ్లు నేనే చూసిన. అందుకని నాకు తుపాకుల సంగతి తెలుసని ఊళ్లె ఒక పేరు.

అడిగినోళ్లల్ల ఒకాయన మిరప అమ్మి ఖమ్మం యార్డు నుంచి పైసలతో వచ్చేటోడు. ఇంకొకాయన రాత్రిపూట నీళ్లు కట్టనీకి పోయేటోడు, పందుల భయం. మూడో ఆయన సంగతి తర్వాత చెప్తా, ఈ పోస్టు అసలు ఆయన కోసమే.

ముందు ఈ "చిన్న రివాల్వర్, పెద్ద దెబ్బ" అనేది యాడికెళ్లి వచ్చిందో చెప్పుకుందాం. ఫోన్ల అమెరికావోళ్ల వీడియోలు చూస్తున్నరు. అక్కడ ఇది పెద్ద చర్చ. చార్టర్ ఆర్మ్స్ అనే కంపెనీ 1973లో బుల్‌డాగ్ అని ఒక రివాల్వర్ తెచ్చింది. పాయింట్ 44 బోరు, అంటే గుండు మందంగ ఉంటది. బరువు మాత్రం అర కిలోకు జెర ఎక్కువ. తూటాలు లావుగ ఉంటయి కాబట్టి చక్రంల ఆరు పట్టవు, ఐదే. వాళ్ల వాదన ఏందంటే, రివాల్వర్‌కు పిస్తోలు లెక్క ఇరుక్కపోయే బాధ తక్కువ, ఒక తూటా పేలకపోతే గుర్రం ఇంకోసారి నొక్కితే పక్క తూటా వస్తది, గుండు పెద్దదైతే ఒక్క దెబ్బకే మనిషి ఆగుతడు అని.

వినడానికి బాగనే ఉంటది. గని మనం రైతులం, ఒక పనిముట్టు చూస్తే దాని బరువు, ఊపు మనకు అర్థమైతది. తేలికపాటి పారతోని గట్టి నేల తవ్వితే దెబ్బంత చేతులకే కదా. ఇదీ అంతే. తుపాకీ తేలికైన కొద్ది, గుండు బరువైన కొద్ది, పేలిన ఊపంత మణికట్టు మీద పడుతది. గొట్టం రెండు మూడు అంగుళాలే, గురి కుదరదు. గుర్రం గుంజేది పొడుగు, గట్టిగ ఉంటది. అక్కడ కూడా దాన్ని మంచిగ కొట్టగలిగేటోడు వారం వారం పోయి రేంజిలో తూటాలు కాల్చినోడే. జేబుల ఏసుకొని తిరిగే చానమందికి పదడుగుల దూరంల కూడా సరిగ తగలదు. చిన్నదీ, పెద్ద దెబ్బదీ రెండూ ఒకదాంట్ల కావాలంటే ఆ కష్టం కొట్టేటోని మీదనే పడుతది.

ఇగ అమెరికాల ఉన్న మనోళ్ల ముచ్చట. టెక్సాస్‌ల 2021 సెప్టెంబర్ నుంచి అర్హత ఉన్న పెద్దమనిషి పర్మిట్ లేకుండనే చిన్న తుపాకీ పెట్టుకొని తిరగొచ్చు. "డల్లాస్‌ల మా బావ దగ్గర ఉంది" అని ఒక పిల్లగాడు చెప్పిండు. ఉంటే ఉండొచ్చు, గని ఆ బావ గ్రీన్‌కార్డోడో సిటిజనో అయ్యుండాలె. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నోళ్లకు అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ కొనటానికి లేదు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఇక్కడ కూసొని అక్కడి సంగతి అంత సులువు అనుకోవద్దు.

మన దేశంల ఏముందో చూడున్రి. ఆయుధ చట్టం 1959ది. దాని కింద నిబంధనలల్ల నిషిద్ధ బోరు అని ఒక జాబితా ఉంది. పోలీసు, మిలిటరీ తూటాలు పట్టేయన్నీ, పాయింట్ 380, పాయింట్ 455, సర్వీసు 9 ఎం.ఎం. తూటాలు పట్టే రివాల్వర్లు, పిస్తోళ్లు దాంట్లకు వస్తయి. మామూలు మనిషికి అవి ఇయ్యరు. బయటి దేశం నుంచి తెప్పించుకునే దారి ఏండ్ల కిందనే మూసేసిన్రు, పేరున్న షూటింగ్ క్రీడాకారులకు కొంచెం వెసులుబాటు తప్ప. అంటే మీరు వీడియోల చూసే ఆ పెద్ద బోరు మీద ఆశ ఇక్కడనే వదులుకోవాలె. మనకు లైసెన్సు మీద ఎక్కువగ దొరికే రివాల్వర్ అంటే పాయింట్ 32. కాన్పూరు సర్కారు ఫ్యాక్టరీది. వెనకటి ఇంగ్లీషోళ్ల వెబ్లీ రివాల్వర్ మోస్తరుగ ఉంటది. 2014 జనవరిలో ఆడోళ్ల కోసమని నిర్భీక్ అని టైటానియం కలిపింది తెచ్చిన్రు, అర కిలో బరువు, అప్పట్లనే ధర 1,22,360 రూపాయలు. తర్వాత 2023లో ప్రబల్ అని ఇంకొకటి వచ్చింది, 50 మీటర్ల దాక కొడతదని చెప్పిన్రు. లక్షకు పైన పెట్టి కొన్నంక తూటాలు వేరే ఖర్చు.

లక్ష రూపాయలంటే ఎకరం మిరపకు పెట్టే పెట్టుబడిల సగానికి దగ్గర. ఈ మాట ఎందుకంటున్ననో మీకు తెలుసు.

సరే, పైసలున్నయ్ అనుకుందాం. లైసెన్సు ఇచ్చేది జిల్లా మెజిస్ట్రేట్, అంటే మనకు సూర్యాపేట కలెక్టర్. 21 ఏండ్లు నిండాలె. పోలీసు రిపోర్టు కావాలె. 2016 నిబంధనల నుంచి తుపాకీ జాగ్రత్తగ వాడుడు నేర్చుకున్నట్టు శిక్షణ కాగితం, మెడికల్ కాగితం కూడ కావాలె. ప్రాణానికి ఏం ముప్పుందో చూపియ్యాలె, "భయమైతుంది సార్" అంటే సరిపోదు. 2019ల చట్టం మార్చిన్రు, ఒక్కరికి రెండు తుపాకులకు మించి లేదు, లైసెన్సు ఐదేండ్లకు ఒకసారి రెన్యువల్. నడుముకు బయటికి కనపడేటట్టు పెట్టుకొని తిరుగుడు కుదరదు, తోలు కవర్ల కప్పి పెట్టాలె. పెండ్లి బరాత్‌ల గాల్లకు కాల్చినవా, రెండేండ్ల దాక జైలు, లేదా లక్ష దాక జరిమానా, లేకుంటే రెండూ.

ఒకటి మన ఊరికి ప్రత్యేకం. లైసెన్సు మీద ఎంత ప్రాంతానికి చెల్లుతదో రాసి ఉంటది. తెలంగాణ వరకే అని ఉంటే, మనం కోదాడ దాటి జగ్గయ్యపేటకు చాయ తాగనీకి పోయినా తప్పే. మనకు సగం చుట్టరికాలు కృష్ణ అవతలనే ఉండె! ఎన్నికల కోడ్ వచ్చిందంటే స్టేషన్‌ల జమ చేయమంటరు. మా బాబాయి తుపాకీ పంచాయతీ ఎలక్షన్లకు, అసెంబ్లీకి, పార్లమెంటుకు ఇంట్ల కన్నా స్టేషన్‌లనే ఎక్కువ దినాలు ఉండేది అని మా పిన్ని నవ్వేది. బాబాయి పోయినంక, లైసెన్సు ఆయన పేరు మీదనే కాబట్టి, పది దినాలు కాకముందే తీసుకపోయి అప్పజెప్పినం. ఏడ్చే ఇంట్ల ఆ పని కూడ ఒకటి.

పందుల సంగతి. రివాల్వర్ పెట్టి అడవి పందిని ఆపాలనేది ఒట్టి మాట. పాయింట్ 32 గుండుకు అది చావదు, గాయమై మీదికొస్తది. గాయపడ్డ పంది ఎట్లుంటదో చూసినోనికి చెప్పనక్కర్లేదు. అది గాక పంది కూడ వన్యప్రాణి చట్టం కింద ఉన్నదే. పంట పాడు చేస్తే చంపనీకి అటవీ శాఖ అనుమతి ఉండాలె, కొట్టేది వాళ్లు ఒప్పుకున్న షూటర్లు. కరెంటు తీగ పెట్టేటోళ్లకు కూడ ఇక్కడనే చెప్తున్న. ఆ తీగకు పంది కన్నా ముందు పక్క చేను రైతే తగుల్తడు. మన జిల్లాలనే పేపర్ల ఎన్నిసార్లు చదవలేదు?

పంట కాపలాకు తుపాకీ కావాలనేటోనికి చట్టంల దారి ఉంది, అది చానమందికి తెల్వదు. 13వ సెక్షన్‌ల పంట కాపలాకు ముందు నుంచి మందు దట్టించే తుపాకీ గురించి సూటిగ రాసి ఉంది. మన పెద్దలు బర్మారు అనేది అదే. అది సరిపోదని అధికారికి అనిపిస్తే, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న మామూలు తుపాకీకి ఇయ్యొచ్చని కూడ ఉంది. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణం మీద లైసెన్సు లేదనొద్దని 14వ సెక్షన్‌ల ఉంది. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. రైతు గురించి ఆ చట్టం ఆలోచించింది బర్మారు దాకనే, జేబు రివాల్వర్ దాక రాలేదు. నాకైతే అది సరిగ్గనే అనిపిస్తది.

బర్మారు అంటే నల్లగొండ జిల్లాల మనకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1946 నుంచి మన తాతలు వడిసెలలు, కారప్పొడితో రజాకార్ల ముంగట నిలబడ్డరు. 1947 సెప్టెంబర్‌ల రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చినంక బర్మార్లు పట్టిన్రు. ఆ మాట గుర్తుజేసి "మన రక్తంలనే ఉంది అన్నా" అన్నడు ఒక తమ్ముడు. ఉంది, గని వాళ్లు ఊరంత కలిసి పట్టిన్రు, 1951 అక్టోబర్‌ల పోరాటం విరమించిన్రు. పాలోని మీదికి పట్టిన తుపాకీ కాదది.

ఇగ ఆ మూడో తమ్ముడి సంగతి. ఆయనకు పాలోళ్లతో గట్టు పంచాయితీ. రెండు గుంటల కాడ మొదలై మాటలు పెరిగినయి, ఒకనాడు గొడ్డలి కూడ లేచింది. లైసెన్సు రాదని ఆయనకూ తెలుసు. "బీహార్ కూలీల ద్వార నాటుది తెప్పిస్త, ముప్పై వేలకే వస్తదంట" అన్నడు. తమ్ముడూ, పేరు రాయను, ఇది నీకే. లైసెన్సు లేని తుపాకీ దగ్గర దొరికితే తక్కువల తక్కువ రెండేండ్లు, ఐదేండ్ల దాక జైలు. నిషిద్ధ బోరుదైతే ఏడేండ్ల నుంచి పద్నాలుగేండ్లు. నాటుది పేలితే గొట్టం పగిలి నీ చెయ్యే పోవచ్చు. ఇవన్నీ పక్కన పెట్టు. కాల్చినవే అనుకో. ఆత్మరక్షణ హక్కు ఉంది, భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాక అదే. గని ప్రాణం తీసేదాక ఆ హక్కు పోయేది, ఎదుటోడు నీ ప్రాణం తీస్తడనో, పెద్ద గాయం చేస్తడనో న్యాయమైన భయం ఉన్నప్పుడు, దోపిడీ, రాత్రి ఇల్లు పగలగొట్టుడు లాంటి వాటి కాడ. గట్టు జరిపిండని కాల్చినోనికి దాంట్ల చోటు లేదు. ఆ రెండు గుంటలు వకీళ్లకు పోతయి, మిగతా రెండెకరాలు బెయిలుకు పోతయి. నీ బిడ్డ పదో తరగతి.

ఇంకోటి చెప్పాలె, ఇది ముగ్గురికీ. మన ఇండ్లల్ల పంట పోయిన ఏడు ఎట్లుంటదో మనకు తెలుసు. అప్పులోడు గడపల కూసుంటడు, మనిషి రాత్రంత నిద్రపోడు. పురుగుమందు డబ్బా ఎట్లనో ఇంట్లనే ఉంటది, దాన్నే దూరంగ దాచిపెట్టమని నేను ఎప్పుడూ చెప్తున్న. మందు తాగినోన్ని బండి మీద ఏసుకొని పోతే బతికి బయటపడ్డోళ్లు మన ఊళ్లెనే ఉన్నరు, ఇయ్యాల పిల్లలతో నవ్వుకుంట ఉన్నరు. తలగడ కింద రివాల్వర్ ఉంటే ఆ బండి ఎక్కిచ్చే టైము కూడ ఉండదు. దొంగ వచ్చేది ఎప్పుడో ఒకసారి, లేకుంటే అసలు రాడు. ఆ చెడ్డ రాత్రి మాత్రం ప్రతి రైతు ఇంటికీ ఒకసారన్న వస్తది. ఎవరికన్న మనసు బాగలేకుంటే 14416 టెలి మానస్ నంబరు, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు. లేకుంటే నాకు ఫోన్ చెయ్యున్రి, రాత్రి ఎంతైనా ఎత్తుత.

మరి ఏం చేయాలె అంటే, మిరప పైసలు అకౌంట్ల ఏయించుకో, చేతికి తీసుకోకు. నగదే తీసుకోవాల్సొస్తే ఇద్దరు ముగ్గురు కలిసి రాండ్రి, చీకటి పడకముందే బయలెల్లుండ్రి. రాత్రి మోటరు కాడికి పోయేటోళ్లు తలకు కట్టుకునే లైటు, చేతిల కర్ర, కాళ్లకు బూట్లు. మన పొలాలల్ల రాత్రిపూట పంది కన్నా పాముకే ఎక్కువ భయపడాలె, పామును రివాల్వర్‌తో కొట్టినోన్ని నేనైతే చూడలే. గట్టు పంచాయితీ తమ్ముడికి, సర్వేకు దరఖాస్తు పెట్టు, నీ పాలోన్ని కూడ సంతకం పెట్టమని అడుగు. అడగనీకి నీకు నామోషీ అయితే నేనొస్త. వచ్చే సోమవారం పొద్దున నాకు పని లేదు, మీ నాయిన పాత పహాణి కాగితాలు తీసి పెట్టు.