నేమ్‌ప్లేటు

పోయిన చలికాలం నాన్న మా దగ్గరే ఉన్నారు. ట్రాయ్‌లో జనవరి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. వాకిట్లో మంచు, ఐదున్నరకల్లా చీకటి. వారానికోసారి భారతీయ టెంపుల్‌కి తీసుకెళ్ళడం తప్ప ఆయనకి వేరే కాలక్షేపం లేదు. మనవడితో మాట్లాడదామంటే వాడి తెలుగు "తిన్నావా తాతయ్యా" దగ్గరే ఆగిపోతుంది. "ఫిబ్రవరికి టికెట్ మార్చెయ్యరా" అనడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో గొడవ. మావాడు వేసవంతా పచ్చిక కోసి కూడబెట్టిన డబ్బుతో, స్నేహితుడి దగ్గర పాత ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. కంప్యూటర్లో బిగించాడు. మామూలు పనులకి బాగానే ఉంది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి తెర నల్లబడి, మొత్తం ఆగిపోయి, మళ్ళీ మొదలవుతుంది. "పవర్ సప్లై చాలట్లేదు డాడీ, 650 వాట్లది కావాలి" అన్నాడు.

నేను లెక్క చెప్పాను. కార్డుకి 220, ప్రాసెసరుకి 125, మిగతావాటికి ఇంకో 50. మొత్తం నాలుగొందలు దాటలేదు. మనదగ్గరున్నది 500. కంపెనీలు అమ్ముకోవడానికి ఎక్కువే చెబుతాయి. నువ్వు కొన్న కార్డే పాడైపోయి ఉంటుంది, చూసుకోకుండా కొన్నావు, అన్నాను. రెండు వారాలు అదే మాట అన్నాను. వాడు వాదించడం మానేసి, తలుపేసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం వాడి గదిలోంచి ఆ "టక్" శబ్దం వినిపించింది. వెనకాలే నాన్న గొంతు. "ఒరే, ఇది లోడు లాగలేక పడిపోతోందిరా!"

నాన్న వినుకొండ వైపు కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కంప్యూటరు గురించి ఆయనకేమీ తెలీదు. ట్రిప్పయ్యే శబ్దం తెలుసు. నేను వెళ్ళేసరికి భూతద్దం తెప్పించుకుని ఆ ఇనప డబ్బా పక్కనున్న చీటీ చదువుతున్నారు. నేనేనాడూ చదవని చీటీ.

"అట్టమీద 500 అని ఉంటే సరిపోయిందా? నేమ్‌ప్లేటు చూడొద్దూ? 12 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లే రాశాడు. ఎంతయింది?"

384. కార్డూ, ప్రాసెసరూ తినేదంతా దాదాపుగా ఆ 12 వోల్టుల నుంచే. మిగతా వాట్లు 5 వోల్టులకీ, 3.3 వోల్టులకీ చెందినవి. కార్డుకి అక్కరకురావు. నా 500 కాగితం మీదే ఉంది.

"అయినా సరిపోవాలిగా నాన్నా, అంచుమీదైనా," అన్నాను, పట్టు వదలకుండా.

"మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలేవి? కరెంటు రాగానే అందరూ ఒక్కసారి మోటార్లు వేసేవాళ్ళు. మోటారు తిరగడం మొదలయ్యే క్షణాన ఐదారు రెట్లు లాగుతుంది. తర్వాత మామూలే. ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోవాల్సింది ఆ క్షణాన్ని."

మావాడికి సగమే అర్థమైంది. మిగతా సగం నేను ఇంగ్లీషులో చెప్పాను. వాడి ముఖం వెలిగిపోయింది. గ్రాఫిక్స్ కార్డూ అంతేనట. 220 అనేది సగటు మాత్రమే, మిల్లీసెకన్లలో అంతకు చాలా పైకి ఎగిరి దిగుతుందట. వాడు రెండు వారాల్నుంచి నాకు చెప్పబోయింది అదే.

నాన్న స్క్రూడ్రైవర్ అందుకుని డబ్బా విప్పబోతే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. "నో తాతయ్యా! ప్లగ్ తీసినా లోపల కరెంట్ ఉంటది." కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుందని వాడికి తెలుసు. నాన్న నావైపు తిరిగి, "వీడు మన డిపార్ట్‌మెంటేరా," అన్నారు. నన్ను ఆయన అలా అన్నట్టు నాకు గుర్తులేదు.

శనివారం ముగ్గురం మాడిసన్ హైట్స్‌లోని మైక్రో సెంటర్‌కి వెళ్ళాం. నాన్న ప్రతి పెట్టె వెనక్కి తిప్పి ఆంపియర్లు చదివించుకున్నారు. 650 వాట్లది, 12 దగ్గర 54 ఆంపియర్లున్నది తీసుకున్నాం. డబ్బు నేనిచ్చాను. కార్డుకున్న రెండు సాకెట్లకీ ఒకే తీగ చివర్లు కాకుండా, వేర్వేరు తీగలు వేయాలని మావాడంటే, "అవును, ఒక్క తీగమీద అంత లోడెందుకు," అని తాతయ్య బలపరిచారు. పాత తీగలు కొత్తదానికి వాడొద్దని కూడా మావాడే చెప్పాడు. ప్లగ్గు ఒకేలా ఉన్నా లోపలి వరస మారిపోవచ్చట.

దారిలో నాన్న, "ఇక్కడ కరెంటు పోనే పోదా?" అన్నారు. 2003 ఆగస్టు 14 సంగతి చెప్పాను. ఒహాయోలో తీగలు వేలాడి చెట్లకి తగలడం, డెట్రాయిట్‌తో సహా ఐదు కోట్లమందికి కరెంటు పోవడం.

"అయితే ఇక్కడా చెట్లు కొట్టించరన్నమాట," అన్నారు తృప్తిగా.

కొత్తది పెట్టాక మళ్ళీ ఆగలేదు. టికెట్ మాట కూడా రాలేదు, ఏప్రిల్ దాకా ఉన్నారు. నేను మాత్రం వాడికి సారీ చెప్పలేదు. పవర్ సప్లై కొనిపెట్టాను కదా, అదే సారీ అనుకున్నాను. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు కారులో, వాడు నిద్రపోతున్నాడనుకుని, నాన్న మెల్లగా అన్నారు.

"వాడు ముందే చెప్పాడుగదరా. ఒకసారి విని ఉండాల్సింది."

తర్వాత కాసేపటికి, "నేనూ నీ దగ్గర వినలేదులే," అన్నారు.

వెనకసీట్లో మావాడు నిద్రపోలేదు. తిరుగుదార్లో, "తాతయ్య నీ మాట ఏది వినలేదు డాడీ?" అని అడిగాడు. ముందు నేను చెప్పాల్సిన సారీ చెప్పాను. ఆ తర్వాత ఆ కథ మొదలుపెట్టాను.