దీవిలో అద్దె ఇల్లు

బంగాళాఖాతం నడుమ, విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి బదిలీ అయినదని తెలిసినప్పుడు మా యింట మొదట వచ్చిన ప్రశ్న సముద్రాన్ని గూర్చి కాదు. "అక్కడ మెట్లు లేని ఇల్లు దొరుకుతుందట్రా?" అని అడిగింది మా అమ్మ. ఆమెకు డెబ్బది నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పి. మూడు మెట్లెక్కితే నాలుగో మెట్టు మీద కూర్చుంటుంది. నన్ను విడిచి ఉండనన్నది. ఆమెను విడిచి వెళ్ళడానికి నాకూ మనసొప్పలేదు.

ఆ ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దానికి శ్రీవిజయపురమని పేరు మార్చినది. ఆటోవాళ్ళ నోట మాత్రం నాకు పాత పేరే ఎక్కువగా వినబడింది.

ఫిబ్రవరి చివర నేనొక్కడినే ముందుగా వెళ్ళి, ఒక అతిథిగృహంలో బస చేసి ఇళ్ళు వెదకసాగాను. మొదటి రెండు ఇళ్ళు టార్చిలైటు వెలుగులో చూడవలసి వచ్చినది. ఈ ద్వీపాలు మనకు ఎంతో తూర్పున ఉన్నవి. గడియారం మాత్రం మనదే. అయిదున్నరకల్లా పొద్దు క్రుంకుతుంది, కార్యాలయం వదిలేసరికి చీకటి. చీకటిలో చూసిన ఇల్లు ఎవరికైనా బాగానే కనబడుతుంది. అందుచేత ఆ పిదప తెల్లవారుజామునే బయలుదేరడం అలవాటు చేసుకున్నాను.

ఈ పట్టణంలో చదునైన నేల అరుదు. రోడ్డు ఎక్కుతుంది, దిగుతుంది, మలుపు తిరిగి మళ్ళీ ఎక్కుతుంది. "రోడ్డు పక్కనే" అని ఎవరైనా చెబితే, రోడ్డుకు ఎన్ని మెట్లు పైన, లేక ఎన్ని మెట్లు కింద అన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. నేను పదకొండు ఇళ్ళు చూశాను. వాటిలో చెప్పుకోదగినవి నాలుగు.

హాడోలో ఒక కొండవాలు మీది ఇంటి వసారాలో నిలబడితే రేవు, ఓడలు, చాథమ్ దీవి కళ్ళకు కట్టినట్లుండేవి. గాలి ధారాళం, అద్దె న్యాయం. మెట్లు లెక్క పెట్టాను: యాభై ఎనిమిది. ఇంటి యజమాని ఇచ్చిన టీ త్రాగి, నమస్కరించి దిగి వచ్చాను.

షాదీపూర్ వైపు చూసినది పాతకాలపు కొయ్య ఇల్లు. చెక్క గోడలు, రేకుల కప్పు. ఇటువంటి ఇళ్ళు ఒకప్పుడు ఊరంతటా ఉండేవి. 1883లో చాథమ్‌లో వెలసిన కోత మిల్లు, అడవిలో పెరిగే పడాక్, గర్జన్ చెట్లు వీటికి పుట్టిళ్ళు. అడవుల నరికివేతపై 2002లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించిన తరువాత కలప అరుదయినది. ఇప్పుడు కట్టేవి సిమెంటు ఇళ్ళే. ఆ సిమెంటు, ఇనుము ఓడలెక్కి రావలసినవే. 1896లో సెల్యులర్ జైలు కట్టడం ఆరంభించినప్పుడు ఇటుకలు బర్మా నుంచి వచ్చినవట; నూరేళ్ళు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. అద్దెలు ఎందుకింత అని బేరమాడబోయిన నాకు ఒక మేస్త్రీ ఈ సంగతి చెప్పి నోరు మూయించాడు.

కొయ్య ఇల్లు నాకు మిక్కిలి నచ్చినది. భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఈ ద్వీపాలు చేరినవి. 1941లో ఒకసారి, 2004లో మరొకసారి భూమి గట్టిగా కంపించినది. తేలిక కట్టడం మీద పడితే బ్రతుకుతామన్న ధైర్యం ఒకటుంటుంది. కాని గోడల మూలల్లో నల్లని బూజు మచ్చలు కనబడ్డాయి, నీటికి ఒకే ఒక్క డ్రమ్ము ఉన్నది.

అప్పటికి నాకు నీటి సంగతి తెలియదు. ఏడాదికి సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన, అనగా హైదరాబాదుకు మూడింతలకు పైగా, కురిసే ఊరిలో నీటి ఎద్దడి ఏమిటని అనుకున్నాను. వాన పుష్కలమే. నిటారు కొండలు, పొట్టి వాగులు. పడిన నీరు చూస్తుండగానే సముద్రంలో కలిసిపోతుంది. పట్టి నిలిపేది ముఖ్యంగా 1973లో కట్టిన ధనిఖారి జలాశయం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన ముఖం చాటేస్తుంది. నేను వెళ్ళిన కాలంలో అనేక వాడలలో కుళాయి రోజు విడిచి రోజు కూడా రాలేదు.

మూడవ ఇల్లు జంగ్లీఘాట్‌లో. అక్కడ అడుగు పెట్టగానే ప్రాణం లేచి వచ్చినది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు, వీధిలో తెలుగు, గాలిలో ఎండుచేపల వాసన. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాలలో ప్రతి వందమందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. నేల మీది ఇల్లు, మెట్టు ఒక్కటే. అరుగు మీద కూర్చుంటే అమ్మకు పొద్దు పోని రోజుండదు. బయానా ఇవ్వబోయాను.

పక్కింటి ముసలాయన నన్ను పిలిచి, "బాబూ, సునామీ నాడు నీ లగేజీ కన్నా ముందు మీ అమ్మను మొయ్యాల. మొయ్యగలవా?" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. మరునాడు సిప్పీఘాట్ మీదుగా వెళ్ళాను. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఈ ప్రాంతపు నేల సుమారు మీటరు క్రుంగినది. అప్పటి పంటపొలాలలో నేటికీ ఉప్పునీరే. ఆ నీటిని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. మెట్లున్న చోట అమ్మ ఎక్కలేదు. మెట్లు లేని చోట నీరు ఎక్కవచ్చు. రెండింటికీ నడుమ ఇల్లేదైనా ఉన్నదా?

పదవనాడు ప్రోత్రాపూర్‌లో దొరికింది. కొండవాలున కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింది భాగం లోయవైపు తెరచుకుంటుంది, పై భాగం సరిగా రోడ్డు మట్టానికి. రోడ్డు మీద నుంచి నేరుగా గదిలోకి నడిచి వెళ్ళవచ్చు! ఇంత తేలిక ఉపాయం నాకు పది రోజులదాకా కనబడకపోవడం విచిత్రం. కింది భాగంలో ఇంటావిడ ఉంటుంది. ఆమె తండ్రి కళింగపట్నం వైపు నుంచి వచ్చినవాడు. నేను గదులు కొలుస్తుంటే విసుక్కున్నది.

"ఇల్లేటి సూత్తారు బాబూ! ముందల టాంకీ సూడండి."

చూశాను. నేలలో సిమెంటు తొట్టి, పైన రెండు పెద్ద ప్లాస్టిక్ టాంకులు, కప్పు మీది వాననీరు దిగడానికి గొట్టం. అద్దె నేననుకున్నదానికంటె ఎక్కువ, బజారు దూరం, సముద్రం కనబడదు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను. ఆధార్ నకలు, ఫోటో తీసుకుని, పోలీసు స్టేషనులో తానే ఇస్తానన్నది.

ఏప్రిల్‌లో అమ్మ వచ్చినది. గుమ్మం ముందు ఆటో దిగి, మెట్లకోసం అటూ ఇటూ వెదకి, లేవని నిర్ధారించుకుని లోపలికి నడిచింది. మూడవనాటి తెల్లవారుజామున, ఇంకా అయిదు కాకముందే, నన్ను తట్టి లేపింది. కింద ఇంటావిడ కేక వేస్తున్నది. అమ్మ అప్పటికే కొంగు బిగించి, బిందెలు వరుసగా పెట్టి, కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చున్నది.

"లేవరా, నీళ్ళొచ్చాయి" అన్నది.