ఆధరువు

ముప్ఫై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. వంటింటి గురించి వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. నిజానికి ఆ వంటింట్లో నేను నిలబడింది చాలా తక్కువ. ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. డబ్లిన్‌లో ఒక పెద్దావిడ వంటగదిలో బంగాళాదుంపలు మెదుపుతున్నప్పుడు, రాయకపోతే ఇక ఎప్పటికీ రాయనేమో అనిపించింది.

2024 జనవరిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. డిసెంబరులో దానికి పాప పుట్టింది. తొంభై రోజుల వీసా. ఆయనకి విజయవాడలో క్యారియర్ మాట్లాడిపెట్టి, పెట్టెలో ఇంగువ, కారప్పొడి, గోంగూర పచ్చడి సర్దుకుంటుంటే "అమ్మా, పప్పుగుత్తి కూడా తీసుకురా" అంది ఫోన్లో. అది మా అమ్మ పప్పుగుత్తి. పిడి నున్నగా అరిగి, అమ్మ అరచేతి ఆకారానికి వచ్చేసింది.

వెళ్లిన వారానికే నాకు చిరాకు మొదలైంది. తెల్లవారి లేచి కాఫీ, పాపకి స్నానం, బాలింతకి పత్యం, గిన్నెలు. రాయాలని తీసుకెళ్లిన పుస్తకం తెరవనే లేదు. "నేను దీనికోసమేనా ఇంత చదివింది" అనుకున్నాను ఒక మధ్యాహ్నం. అనుకున్న వెంటనే ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. 1990లో నా పురిటికి వచ్చిన అమ్మ మళ్లీ తన ఊరు వెళ్లలేదు. నా కూతుర్ని అమ్మే పెంచింది. నేను పిహెచ్‌డీ పూర్తి చేసింది, సెమినార్లకి తిరిగింది, స్త్రీల శ్రమ గురించి రాసింది అమ్మ వంటింట్లో నిలబడ్డ ఆ ఏళ్లలోనే. అప్పుడు అమ్మకి ఇలా అనిపించిందా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

పక్కింటావిడకి డెబ్భై నాలుగేళ్లు. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. పాపని చూడ్డానికి వచ్చి, సింకు పక్కన ఆరబెట్టిన పప్పుగుత్తిని చూసి చేతిలోకి తీసుకుంది. తన అమ్మమ్మ ఇంట్లో ఇంతకంటే పెద్ద కర్ర రోకలి ఉండేదనీ, దాన్ని బీటిల్ అనేవాళ్లనీ, పెద్ద కుండలో దుంపలు దానితోనే దంచేవాళ్లనీ చెప్పింది. మర్నాడు నన్ను వాళ్లింటికి పిలిచింది, కాల్కానన్ చేసి చూపిస్తానని.

కాల్కానన్ అంటే ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో ఉడికిన క్యాబేజీ గానీ, కేల్ అనే ముదురాకుపచ్చ ఆకుకూర గానీ కలిపిన ముద్ద. ఉల్లికాడలు మాత్రం కలిపితే దాన్ని చాంప్ అంటారు. మన బంగాళాదుంప ముద్దకూరకి దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే పోపు లేదు, అల్లం పచ్చిమిర్చి లేవు. కిలో దుంపలు తీసుకుంది. ఉడికితే పిండిగా విడిపోయే రకమే కావాలంది. ఉప్పునీళ్లలో ఉడికించి, నీళ్లు వార్చేసి, గిన్నె మీద పొడిబట్ట కప్పి ఐదు నిమిషాలు వదిలేసింది, తడి పోవడానికి. ఈలోగా కేల్ ఈనెలు తీసేసి సన్నగా తరిగి ఉడికించి గట్టిగా పిండింది. పాలల్లో ఉల్లికాడలు వేసి వెచ్చబెట్టింది. చల్లటి పాలు పోస్తే ముద్ద బిగుసుకుంటుందట. మిక్సీలో వేస్తే పిండిపదార్థం బయటికొచ్చి జిగురులా సాగుతుందట. చేత్తోనే మెదపాలి. అన్నీ కలిపి, పార్స్‌లీ తరిగి చల్లి, మధ్యలో గుంట చేసి వెన్న వేసింది. అంచుల నుంచి చెంచాతో తీసుకుని ఆ కరిగే వెన్నలో ముంచుకుని తినాలి. మన పప్పన్నంలో నేతి గుంట గుర్తొచ్చింది.

"ఇది సైడ్ డిష్" అంది, పళ్లెంలో మాంసం ముక్క పక్కన వడ్డిస్తూ. అంతలోనే, "మా అమ్మమ్మ ఇంట్లో మాత్రం ఇదే భోజనం, దీని పక్కన ఇంకేమీ ఉండేది కాదు" అంది. 1845లో దుంపకి తెగులు తగిలినప్పుడు ఆ దేశంలో పేదవాళ్లకి తినడానికి మరేదీ లేకపోవడం అందుకే. పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం వదిలిపోయారు. ఆ ఏళ్లలో కూడా అక్కడి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకి పోతూనే ఉంది. 1876 నాటి మన ధాత కరువు గురించి చెప్పాను. అప్పుడూ అదే ఏలిక, అవే ఓడలు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

హాలోవీన్ రాత్రి కాల్కానన్‌లో ఉంగరం, నాణెం, కుట్టుపనికి వేలికి తొడుక్కునే చిన్న తొడుగు దాచేవాళ్లట. ఉంగరం దొరికిన పిల్లకి పెళ్లవుతుంది, వేలితొడుగు దొరికిన పిల్ల అలాగే ఉండిపోతుంది. ఆవిడకి ఒక ఏడు ఉంగరం దొరికిందట. 1968లో పద్ధెనిమిదేళ్లకి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరింది. 1971లో పెళ్లి. పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం మానెయ్యాలని రూలు. చేతిలో కొంత డబ్బు పెట్టి పంపించేశారు. ఆ రూలు 1973లో పోయింది. "వేలితొడుగు దొరికుంటే ఆఫీసర్నయ్యేదాన్ని" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, బాధేసింది.

మనమేం తక్కువ తినలేదు. మన విదేశాంగ శాఖలో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనీ, అవసరమైతే రాజీనామా చెయ్యాలనీ రూళ్లుండేవి. సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకి వెళ్లి వాటిని నిలదీసింది 1979లో.

మార్చి 8న అక్కడ రిఫరెండం జరిగింది. 1937 నాటి ఐర్లండు రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. స్త్రీ ఇంట్లో గడిపే జీవితం ద్వారా రాజ్యానికి ఒక ఆధారాన్ని ఇస్తోందనీ, అది లేకుండా అందరి మేలూ సాధ్యం కాదనీ. దాన్ని తీసేసి, కుటుంబ సభ్యులు ఒకరికొకరు చేసుకునే సంరక్షణను రాజ్యం గుర్తిస్తుందని, దానికి తోడ్పడటానికి ప్రయత్నిస్తుందని రాద్దామన్నారు. జనం భారీ మెజారిటీతో వద్దన్నారు. ఈవిడ కూడా వద్దనే వేసింది. నేను ఆశ్చర్యపోయాను. "ఆ పాత మాట నా ఉద్యోగం తీసేసింది. ఈ కొత్త మాట 'ప్రయత్నిస్తాం' అంటోంది. ప్రయత్నిస్తే కడుపు నిండుతుందా?" అంది. పదేళ్లు మంచంలో ఉన్న భర్తకి ఆవిడ ఒక్కతే చేసింది.

'ఆధారం' దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. సైడ్ డిష్‌కి మా అమ్మ వాడే మాట ఆధరువు. "ఆధరువేం లేకుండా పిల్లకి అన్నం ఎలా పెట్టను" అనేది. అన్నం పక్కన ఉండేదే, కానీ అది లేకపోతే ముద్ద దిగదు. నా చదువుకి, నా రాతలకి అమ్మ ఆధరువు. నా మొదటి పుస్తకం ముందుమాటలో పద్నాలుగు మందికి కృతజ్ఞతలు చెప్పాను. ప్రొఫెసర్లు, లైబ్రేరియన్లు, మిత్రులు, ప్రెస్సు వాళ్లు. అమ్మ పేరు లేదు. ఆ పుస్తకం ప్రూఫులు దిద్దుతుంటే నా పక్కన కాఫీ పెట్టి చప్పుడు కాకుండా వెళ్లింది అమ్మే.

ఆ రాత్రి అమ్మాయి, "ఉద్యోగం మానేస్తానమ్మా, క్రెష్ ఖర్చు చూస్తే నా జీతం ఎందుకొస్తోందో తెలియట్లేదు. నీకున్నట్టు నాకు అమ్మమ్మ లేదుగా" అంది. నిష్ఠూరంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఇంకా ఉండిపోతానని నేను అనలేకపోయాను. వీసా ఒక్కటే కారణం కాదు. ఉండాలని లేదు. ఆ నిజం ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. కానీ అమ్మ కూడా ఉండాలనుకుని ఉండిందో లేదో నాకేం తెలుసు?

"క్రెష్ ఖర్చు నీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నావు? ఇద్దరి జీతాల్లోంచి తియ్యి" అన్నాను. అల్లుడు తలెత్తి చూశాడు. అతను పాప పుట్టినప్పుడు రెండు వారాలే సెలవు పెట్టాడు. తండ్రికి కూడా హక్కుగా వచ్చే ఇంకో సెలవుంది, దాన్ని ముట్టుకోలేదు. ఆ ఆదివారం పక్కింటావిడ వచ్చినప్పుడు వంటగదిలో పప్పుగుత్తి అతని చేతికే ఇచ్చింది. దుంపలు ఉండలు ఉండలుగా మిగిలిపోయాయి. అలాగే తిన్నాం. నేను వచ్చేనాటికి ఆ సెలవుకి అర్జీ పెట్టాడు. అమ్మాయి జూన్‌లో వారానికి నాలుగు రోజుల పనికి వెళ్లింది. తర్వాతేమవుతుందో చూడాలి.

ఇంటికొచ్చాక ఒక రాత్రి కాల్కానన్ చేశాను, కేల్ బదులు పాలకూర వేసి. ఆయన ఒక పోపు పడితే బాగుండేదన్నారు. నేను చెంచాతో అంచు తీసుకుంటూ అమ్మకి బంగాళాదుంప ఇష్టమా అని ఆలోచించాను. ఆవిడ ఇరవై రెండేళ్లు మాతో ఉంది. మాకు ఎవరెవరికి ఏ కూర ఇష్టమో అమ్మకి కంఠతా వచ్చు. అమ్మకి ఏది ఇష్టమో నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు అమ్మ లేదు.

ఆ పుస్తకం మళ్లీ వేస్తామంటున్నారు. ముందుమాటలో పదిహేనో పేరు చేరుస్తాను. పేరు చేర్చినంత మాత్రాన బాకీ తీరదని తెలుసు. కనీసం బాకీ ఉందని రాసినట్టవుతుంది.